రెండో కొస

పదారు రోజులు, రోజుకు నాలుగాటలు.
తెర కంటె జనం మొఖాలే ఎక్కువ సూసిన.
టార్చి వట్టుకొని గేటు కాడ నిలవడ్డోన్ని
సిన్మా ఎట్లుందని ఎవ్వలడుగరు.
అడగకున్న చెప్తున్న.

మొదటి గంట మంచిగున్నది.
దయ్యం రాదు, దయ్యమన్న మాట గూడ రాదు.
వంటింట్ల కుక్కర్ కూస్తది, ముసలామె లెక్కవెడ్తది:
ఒకటి, రెండు, మూడు.
పొయ్యి బంద్ చేస్తది.
కుక్కర్ దించి కింద వెడ్తది.
నాలుగోది కూస్తది.
గప్పుడు బాల్కనీల పల్లీలు నమిలే సప్పుడు ఆగిపోతది.
పదారు రోజులు ఒక్క తీరుగనే ఆగింది.
సస్పెన్సంటే నాకు తెల్సి గదే,
నోట్లె పల్లి నోట్లెనే ఉండుడు.

హీరో పిలగాడు నోటితోనే భయపడ్తడు.
కండ్లు మాత్రం అద్దంల జుట్టు సూస్కుంటయి.
ఆని అరుపుకు ముందు వరుసోళ్ళు పడి పడి నవ్విన్రు,
ఒక్క పసిపోరడు తప్ప.
వాడు ఆ నవ్వు ఇని ఏడ్సిండు.

ఇంటర్వెల్ అయినంక కథ రాసినాయన ఏడవోయిండో!
దయ్యం నోరు తెరిచి
తన పేరు, ఇంటిపేరు, ఎవడు సంపిండు, ఏ బాయిల ఏసిండు,
తాసిల్దారు ముందర వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్తది.
గంత చెప్పినంక భయమెట్లయితది?
జాలయితది, జెరసేపటికి ఆవులింత.
మంత్రగాడొస్తడు, నిమ్మకాయలొస్తయి,
పాట గూడ ఒకటొస్తది.
నేను బయటికొచ్చి బీడి ముట్టిచ్చేది పాటలనే.
ఆపరేటర్ ఓదెలు అనేటోడు,
"ఇంటర్వెల్ కాడ కరెంటు వోతే
ఈ సిన్మా వంద రోజులాడు" అని.

గని ఆ ముసలామె.
పోస్టర్ల ఆమె మొఖం లేదు, పేరు నాకిప్పటికి తెల్వది.
మేడ మీద ఆరిన దుప్పటి మడతవెడ్తది, ఒక్కతే.
ఇవతలి రెండు కొసలు ఆమె చేతులల్ల.
అవతలియి కింద పడాలె.
పడవు.
ఆమె అరవదు. ఎనుకకు జరగదు.
దుప్పటిని జెర గుంజి, సమం చేసి,
కొసకు కొస కలపనీకి ముందుకు నడుస్తది,
ఏండ్ల సంది ఇద్దరు చేసే పని లెక్క.
మ్యూజిక్ లేదు.
అరవై నాలుగు సార్లు సూసిన.
అరవై నాలుగు సార్లు నా టార్చి దానంతటదే ఆరింది,
నేను ఆర్పినట్టు యాదికి లేదు.

నిన్న సిన్మా ఎత్తేసిన్రు.
సెకండ్ షో ఇడిచినంక హన్మకొండ చౌరస్తా కెల్లి
పోచమ్మ మైదానం దాటి కొత్తవాడకు నడిచిన.
జంపుఖానాల మగ్గాలు నిమ్మలంగున్నయి.
కుక్కలు మొరగలే, ఎర్కవట్టినయి.
ఇంట్ల దండెం మీద దుప్పటి,
కొమురమ్మ బేరమాడి తెచ్చింది, అంచుకు ఎర్రగీత.
తీసిన. రెండు కొసలు పట్టిన.
లైటెయ్యలే.
జెరసేపు, నిజంగ జెరసేపే, ఎదురుసూసిన.

అవతలి కొసలు కింద పడ్డయి.

దులిపి, గదువ కింద అదిమిపట్టి
ఒక్కన్నే మడతవెట్టిన.
సమంగ రాలే.