లోపలి కుట్టు

ముప్పై రెండేండ్ల నుంచి వారాసిగూడల
అందరి కొలతలు నేనే తీసిన.
ఛాతి, నడుము, చంక, మెడ.
నా కొలత మాత్రం ఎన్నడూ రాసుకోలె.
అద్దం ముందర నిలబడ్డప్పుడల్లా
ఎవరో పిలిచినట్టు బయటికి ఉరికిన.

నవంబర్ల ఇంట్ల అందరికీ ఒక్కటే జరం.
మా ఆయన నర్సింగరావు, ఎండిన తుమ్మకట్టె,
మూడొద్దులు దగ్గిండు
నాలుగో దినం చాయ్ హోటల్‌కు పోయిండు.
మేనకోడలికి ముక్కు కారింది, అంతే.
నాకు, పండుకున్నకాడనే
నాలుగంతస్తులు ఎక్కినంత ఆయాసం.

"గదే జరం గదా, నీకెందుకు గింత?"
జవాబు చెప్పెటందుకు నా దగ్గర గాలి లేదు.

మెడికల్ షాపు పిల్లగాడు వేలికి క్లిప్పు పెట్టిండు.
ఎనభై నాలుగు.
మిషన్ ఖరాబయిందేమోనని తన వేలికి పెట్టుకున్నడు.
తొంభై ఎనిమిది.
మళ్ళ నా వేలికి.
ఇద్దరం ఏం మాట్లాడలె.

ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన.
ఆటోల సీటంత నేనే,
మా ఆయన డ్రైవర్ పక్కన సగం గాలిల.
స్ట్రెచర్ చక్రం కుయ్యిమంటె ఎవడో నవ్విండు.
విన్న.
చెవులకు ఆక్సిజన్ అక్కెర లేదు.

డాక్టర్ మృణాళిని ఎక్స్‌రే కిటికీకి ఆనిచ్చి చూయించింది.
"కడుపు కిందికెళ్ళి పైకి నూకుతున్నదమ్మా,
ఊపిరితిత్తుల కింది అంచులు విప్పుకుంట లేవు.
కొవ్వంటె ఉత్త బరువు కాదు,
ఏండ్లకేండ్లు లోపల సన్నగ ఉడుకుతుంటది.
ఒంటి కాపలోల్లు ఆ సెగకే అలసిపోతరు.
వైరస్ వచ్చిననాడు లేటుగ లేస్తరు,
లేచినంక ఆపరాకుండ కొడ్తరు,
దొంగనూ, ఇంటినీ."

నాకు కాపలోల్ల ముచ్చట సగమే ఎక్కింది.
నాకు కుట్టు ఎరుక.
జాకెట్ పక్కలకు, లోపలికి
రెండంగుళాల గుడ్డ వదుల్త.
ఒళ్ళొచ్చినా, కాన్పయినా
ఆ కుట్టు విప్పితే జాకెట్ బతుకుతది.
నా ఎదల ఆ గుడ్డ ఎప్పుడో అయిపోయింది.
అంచుకు అంచు కుట్టుకోని తిరుగుతున్న.
జరం కొంచెం గుంజంగనే
పర్రుమన్నది.

"టీకా ఏసుకున్నవా?"
"అది ముసలోల్లకు గద?"
"రోజు నడుస్తవా?"
"మిషన్ తొక్కుత, పన్నెండు గంటలు."
ఆమె నవ్వలె.
అందుకే ఆమె చెప్పింది విన్న.

బోర్ల పండబెట్టాలె అన్నరు. ఆరుగురొచ్చిన్రు.
సిస్టర్ ఫర్జానా "ఏక్, దో" అన్నది,
తీన్ వినబడకముందే నేను గాలిల ఉన్న.
నన్ను ఆఖరుసారి ఎత్తుకున్నది మా నాయిన,
నుమాయిష్‌ల, జాయింట్ వీల్ కాడ, నాకు ఐదేండ్లప్పుడు.
ముఖం దిండుల పెట్టి ఏడ్సిన.
గంటకు తొంభై ఒకటి అయింది.
వీపు దిక్కు మూలలకు గాలి అందిందంట.

పక్క మంచంల తులజాబాయి,
ధూల్‌పేటల కర్రీ పాయింట్ ఆమెది,
నాకంటె చిన్నది, నాకంటె లావు.
"బయటవడ్డంక నాకో జాకెట్ కుట్టు అక్కా,
మోచేతుల దాక" అని సైగ జేసింది.
తెల్లారేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి.
ఎవరూ చెప్పలె.
నేను అడగలె.

ఇరవై మూడొద్దులకు ఇల్లు.
మొదటి దినం దుకాణం షట్టర్ సగమే లేపిన,
ఆడికే దమ్మొచ్చింది.
అద్దం ముందర నిలబడి
అరవై అంగుళాల టేపు నడుముకు చుట్టిన.
నాలుగు వేళ్ళు తక్కువపడ్డది.
ఇంకో టేపు జోడిచ్చిన.

పుస్తకంల రాసిన.
పేరు: బాలమణి.
ఛాతి. నడుము. చంక.
పైన ఇంకో పేరు కూడ రాసిన, తులజాబాయి.
మోచేతుల దాక.
కొలతలు లేవు.

నా వరసల, డెలివరీ తేదీ కాడ
పెన్ను ఆగింది.
కొట్టెయ్యలె, నింపలె.
రెండంగుళాలు
ఖాళీ వదిలిన.