ఆరువందల నలభై ఆరు మీటర్లు

మా ఊళ్ళో రేడియో కొనే పని లేదు.
పాలబకెట్టు పాడేది.
కంచె తీగ వార్తలు చదివేది.
వాన వెలిశాక చూరు గొట్టంలోంచి
ఎవరో ఆడమనిషి
ఏ నదిలో ఎన్ని సెంటీమీటర్ల నీరుందో చెప్పేది:
విస్తులా ఇంత, బూగ్ ఇంత, నారెవ్ ఇంత.
మా అమ్మ గెనొవేఫా విసుక్కునేది:
"ఆవు బెదురుతోంది,
దీని నోరు ఎవరైనా మూయండి."

మూయించగలిగింది నాన్న ఒక్కడే.
స్తంభం మీద ఎర్రదీపాలు మార్చే సెవెరిన్.
ఆయన ఎక్కాలంటే ముందు దాని మాట ఆపాలి.
ఆ ఇనుమంతా గొంతే, నిలువెల్లా కరెంటే;
కాలు నేలకి తగలకుండా
పింగాణీ పీట మీద నిలబెట్టారు దాన్ని,
తీగలతో నలువైపులా లాగిపట్టి.
అంచేత బకెట్టు మూగబోయిందంటే
నాన్న పైన ఉన్నాడని లెక్క.
అమ్మ పితకడం ఆపి
ఒక్కసారి ఆకాశంలోకి చూసేది.
చూసి, మళ్ళీ పితికేది.

బడిలో ఒల్గెర్డ్ మాస్టారు
ఎక్కాలకన్నా ముందు ఆ అంకె నేర్పాడు.
ఆరువందల నలభై ఆరు.
భూమ్మీద మనిషి నిలబెట్టినవాటిలో
దీన్ని మించింది లేదు, గట్టిగా అనండి.
అనేవాళ్ళం,
బీట్‌దుంపలు తవ్విన మట్టి గోళ్ళలో ఉండగానే.
మాంసం కొట్లో కొక్కేలు తప్ప
ఏమీ వేలాడని రోజులవి.

లిఫ్టులో అరగంట పట్టేదట పైకి.
"ఊగుతుందా?" అని అడిగితే
"ఊగుతుంది. తాగినవాడిలా కాదు,
జపం చేసుకునే ముసలమ్మలా" అన్నాడు.
అక్కణ్ణించి విస్తులా
బల్ల మీద ఒలికిన టీ అట, ఎవరూ తుడవని టీ.
ఫ్రాన్సు బొగ్గుగనుల నుంచి వచ్చిన కార్డు ఒకటి
టిఫిన్ డబ్బా మూతలో దాచుకున్నాడు:
"మీ దగ్గర మంచు పడుతోందట కదా.
ఇక్కడ ఎండ. విన్నాను. చాలు."

ఆగస్టు, గురువారం. పాలు పితికే వేళ.
పాత తీగలు తీసి కొత్తవి కడుతున్నారని
పొద్దుట్నించీ బకెట్టు మూగగానే ఉంది.
గాలి ఒక్కసారి చెయ్యి విసిరింది, అంతే.
ముందు పైభాగం వంగింది,
కింద పడ్డ సూది కోసం చూస్తున్నట్టు.
తర్వాత నడుం విరిగింది.
చప్పుడు మాదాకా వచ్చేసరికి
ఆకాశంలో గీత లేదు.
అమ్మ పొదుగు దగ్గర చేతులు అలాగే ఉంచి
పైకి చూస్తూనే ఉంది.
మళ్ళీ పితకలేదు.

చీకటి పడ్డాక సైకిల్ మీద వచ్చాడు నాన్న.
పొద్దున్నే ప్వోత్స్క్ వెళ్ళాడట,
పన్ను పీకించుకోడానికి.
ఎవరూ చావలేదని చేతుల్తో చెప్పాడు.
నోట్లో దూది.
స్తంభం గురించి ఆ రాత్రి
ఆయన ఒక్క మాటా అనకపోవడానికి కారణం అదే.
ఆ తర్వాత పదేళ్ళకి కారణం నాకు తెలీదు.

ఇనుము ముక్కలు కోసి లారీల్లో తోలుకుపోయారు.
ఒక ఎర్రగొట్టం మా కోళ్ళగూటికి దూలమైంది.
మళ్ళీ కడతామని పట్నం నుంచి వచ్చారు.
తలనొప్పులన్నారు, నిద్రపట్టదన్నారు ఊరివాళ్ళు.
వద్దన్న కాగితం మీద సంతకం పెట్టింది అమ్మ.
నాన్న ఆమెకి కలం అందించాడు.
తను పెట్టలేదు.

చిక్కంతా ఆవుతో వచ్చింది.
మూడురోజులు చేపలేదు.
దూడని వదిలారు, ఉప్పు పెట్టారు,
డాక్టరొచ్చి పొదుగు తట్టి, బాగానే ఉందన్నాడు.
నాలుగోరోజు అమ్మ ఖాళీ బకెట్టు
నాన్న ముందు పెట్టింది:
"నువ్వే ఏదో ఒకటి చెప్పు దానికి."

మోడా లాక్కుని కూర్చున్నాడు.
దగ్గాడు.
తలుపు సందులోంచి విన్నాను,
ముక్కుతో, ఆ ఆడమనిషి గొంతులాగే,
అంకెలన్నీ కల్పించి:
విస్తులా, నూట నలభై.
బూగ్, తొంభై రెండు.
నారెవ్, మార్పు లేదు.