ఏడో నంబరు విప్పడం

మూడు లాంతర్ల దగ్గర నా కొట్టు.
బోర్డు మీద సగం అక్షరాలు వానకి కారిపోయాయి,
మిగిలిన సగం చదువుకునే
గజపతినగరం నుంచి కూడా బేరాలొస్తాయి.

దసరా ముందు జాకెట్లు, స్కూలు నిక్కర్లు,
సిరిమాను నాటికి అందాలంటూ లంగావోణీలు.
వాటి మధ్యలోకి ఈ ఏడు
బాస్కెట్‌బాల్ గుంటలు దూరారు.

పన్నెండు మంది.
కంటోన్మెంటు వైపు సిమెంటు కోర్టులో
వల లేని రింగులోకి బంతి వేసి వేసి
మోచేతులు నల్లబడ్డవాళ్ళు.
"మామా, సీజను మొదలైపోతంది, బేగి కుట్టీ."
ఏటి సీజనురా అంటే
యూరప్‌లో పెద్ద క్లబ్బులన్నీ ఆడే లీగంట.
షెడ్యూలు కాగితం తెచ్చి
నా కొలతల పుస్తకం పక్కన మేకుకి గుచ్చారు.

అప్పట్నుంచి ఊళ్ళని తానుల్లో నేర్చుకుంటున్నాను.
కౌనాస్ అంటే ఆకుపచ్చ.
ఏథెన్స్ కూడా ఆకుపచ్చే,
రెండూ ఒకటి కావని ఒకడు అరగంట వాదించాడు.
ఇస్తాంబుల్‌కి పసుపూ నీలమూ,
"గడపకి రాసే పసుపు కాదు మామా, ఇంకా గట్టిది."
బెల్‌గ్రేడ్‌లో ఒకే ఊరికి రెండు క్లబ్బులు,
ఎరుపూ తెలుపూ ఒకరివి, నలుపూ తెలుపూ ఇంకొకరివి;
ఆ రెండు చొక్కాలూ ఒకే దండెం మీద వెయ్యనని
తవిటినాయుడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు.
మాడ్రిడ్ తెల్లగా ఉంటుంది.
మాడ్రిడ్ నాకిష్టం, పంచెల తాను మిగిలిపోయింది.

ఆటలు రాత్రి పదకొండున్నరకి.
కార్తీకం వచ్చే వేళకి అక్కడ
గడియారాలు గంట వెనక్కి తిప్పుతారట,
అప్పుడు మనకి పన్నెండున్నర.
ఊరు ఊరంతా కూడబలుక్కుని
కాలాన్ని వెనక్కి జరుపుతుందని
యాభై రెండేళ్ళకి తెలిసింది.
నా కొట్లో గడియారం
బ్యాటరీ అయిపోతే తప్ప మాట వినదు.

నిన్న రాత్రి, పోయినేటి ఆట ఒకటి ఫోన్లో పెట్టి
దారపుండల డబ్బాకి ఆనించారు.
ఆఖరి నిమిషం. కోచ్ ఆట ఆపించాడు.
చిన్న పలక మీద ఒక గీత, ఇంకో గీత, బాణం గుర్తు.
చుట్టూ తాటిమానుల్లాంటి మనుషులు
చెమటలు కారుస్తూ వంగి చూస్తున్నారు.
నాకు తెలిసిన పనే అది.
సుద్ద గీసేటప్పుడు అందరూ తలూపుతారు,
తేడాలన్నీ కత్తెర పడ్డాకే.

మంగళవారం సిరిమాను తిరుగుతుంది.
అరటిపళ్ళు విసరడం కూడా ప్రాక్టీసేనంటున్నారు వెధవలు.
ఆకాశంలో ఊగే పూజారి దాకా పండు చేరాలంటే
మణికట్టు ఎక్కడ వదలాలో
వీళ్ళకి కోచ్ చెప్పలేదు, నానమ్మలు చెప్పారు.
అదే వారం అక్కడ
మొదటి బంతి పైకి లేస్తుంది.

అసిరి మాత్రం కుట్టమని రాలేదు, విప్పమని వచ్చాడు.
పోయినేడు నేను కుట్టిందే,
ఎర్రబట్ట మీద తెల్ల ఏడు.
"ఆడు ఎల్లిపోనాడు మామా."
ఎక్కడికిరా?
"ఎదర జట్టుకి. డబ్బులెక్కువిచ్చినారంట."
వీడి నాన్న కూడా, నెల్లిమర్ల జూట్‌మిల్లు
లాకౌటైన ఏడు, రాయగడ వైపు పోయాడు.
ఆ మాట నేనెత్తలేదు. వాడూ ఎత్తలేదు.

బ్లేడుతో ఒక్కో కుట్టే తెంపాను.
ఏడు ఊడొచ్చి
బల్ల మీద కొడవలిలా పడింది.
చొక్కా మీద చిల్లుల వరస మిగిలింది,
ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంటే
మళ్ళీ ఏడే.
"ఉతికితే పోద్దా?"
పోదురా.

కాసేపు నిలబడ్డాడు.
గుడ్డ నంబరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
మెట్టు దిగి, సైకిలు తాళం తీసి, మళ్ళీ వచ్చాడు.
"ఆడి కొత్త జట్టు రంగేటో తెలుసా మామా" అని
నేను అడక్కుండా తనే చెప్పేశాడు.

ఆ రంగు తాను నా దగ్గర లేదు.
రేపు గంటస్తంభం బజారులో
మీటరు ఎంత చెబుతారో చూడాలి.