పద్దులో రాయని వాన

పర్లాకిమిడి దాటాక, పాతపట్నం దారిలో
మా నాన్న కాటా గుమస్తా.
ఉదయగిరి కొండల మీంచి దిగిన చింతపండు లారీ
అక్కడి చీటీ కంటే
ఇక్కడ అరవై రెండు కిలోలు ఎక్కువ తూగింది ఒక పొద్దున్న.
డ్రైవరు దండాసి దేవుడి మీద ఒట్టేశాడు, తర్వాత తల్లి మీద.
నాన్న జరిమానా పుస్తకం మూసి
టార్పాలిన్ చిరుగులోకి చెయ్యి పెట్టి చూశాడు.
తడి.
"లెక్క తప్పలేదురా,
వానని పద్దులో రాయలేదు, అంతే."

నేను నేర్చుకున్న మొదటి ఫిజిక్సు అది.
పుస్తకాలు తర్వాత వచ్చాయి.

ఈవేళ కాలేజీలో, ఫ్యాను ఆగిపోయిన మూడో పీరియడ్లో
జోస్నా గొమాంగో లేచి నిలబడింది.
ఇంట్లో సవర, బజార్లో ఒడియా, నాతో తెలుగు,
ప్రశ్న మాత్రం మూడింటి మధ్యలోంచి వస్తుంది:
"సార్, ఒక్క అణువే ఉంది. చుట్టూ వేడి ఉంది.
అక్కడ కూడా శక్తి నిలుస్తుందా? ద్రవ్యవేగం నిలుస్తుందా?
అంత చిన్న చోట ఎవరు సార్ కాపలా?"

నిలుస్తుంది అన్నాను.
అనేసి, సుద్దముక్క పట్టుకుని ఊరుకున్నాను.

ఎందుకంటే
గోడకి కొట్టుకున్న కణం
తన ద్రవ్యవేగాన్ని తిరగేసుకుని వస్తుంది.
దాని ఒక్కదాని పద్దే చూస్తే దొంగతనమే.
గోడ పద్దు ఎవరు చూస్తారు?
బైరాగి బస్తాతో లారీ మీంచి దూకినప్పుడు
లారీ వెనక్కి జరగడం నేనెప్పుడూ చూడలేదు.
జరిగింది.
చూసే కన్ను నాకు లేదు.

శక్తి సంగతి ఇంకా చిక్కు.
ఇది అణువుది, అది వేడిది అని గీత గీస్తాం.
గీత మీద ఉన్నది ఎవరిది?
దేశమంత పెద్దదైతే సరిహద్దు ఒక దారప్పోగు,
దులిపేసినా లెక్కకి లోటు రాదు.
నలభై గడపల ఊరైతే
ఊరంతా సరిహద్దే.
మా మేనత్త వీధిలో పాలవాడు
ఒడియాలో పోసి తెలుగులో డబ్బులు అడుగుతాడు;
ఆ రెంటి మధ్య అతను తీసుకునే ఊపిరి
ఏ రాష్ట్రానిది?

కొలిచి చూద్దామంటే, అదొకటి.
నాన్న కాటా పక్కన నిలబడి
ఒక పాదం పలక మీద మరిచిపోయేవాడు.
ముల్లు కదిలేది.
"నా కాలు కూడా రాసుకోరా" అని నవ్వేవాడు.
ఆ నవ్వు నాకు ఎక్కడానికి ఇరవై ఏళ్లు పట్టింది.
ఒక్కో తూకానికి ఒక్కో అంకె,
ఏ ఒక్కటీ అబద్ధం కాదు.
కొలిచే చెయ్యి, పక్కన టిక్కుమనే గడియారం
అవి కూడా పద్దులోకి ఎక్కితేనే
నియమం నిండుతుంది.

బోర్డు మీద మూడు పదాలు రాశాను:
అణువు, వేడి, మధ్యలోది.
మధ్యలోదాని చుట్టూ సున్నా చుట్టి పేరు పెట్టకుండా వదిలేశాను.
జోస్నా నోటుబుక్కులో దానికి
ఏదో సవర మాట రాసుకుంది. అర్థం అడగలేదు.

బయట చినుకు మొదలైంది.
కాటా దగ్గర ఇప్పుడెవరో కుర్రాడు, కంప్యూటరు తూకం.
వాడికి వాన సంగతి
ఎవరైనా చెప్పారో లేదో.