ధర్మకాంట కాడ

ఎనుమాముల మార్కెట్ గేటుకు ఎడమదిక్కు
రేకుల రూముల పద్దెనిమిదేండ్ల సంది కాంట రాస్తున్న.
మొన్న పాత కంప్యూటర్ ఊపిరి ఇడిసింది.
యాకూబ్ డబ్బా ఇప్పితే
లోపలంత మిరప దుమ్ము.
ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కలు
పండుమిర్చి తొక్కు పూసినట్టున్నయ్.
ముగ్గురం ఒక్కపారే తుమ్మినం.
మూడోడు బానోతు హచ్యా.
లైన్ల నిలవడి నిలవడి, తలకాయ లోపలికి వెట్టి
వాసన జూసి చెప్పిండు:
"మీది పొర తేజ. కింద చపాట.
నీ డబ్బాల పదేండ్ల పంట ఉన్నది బిడ్డా."

కొత్తది వచ్చింది.
పల్చగ, సల్లగ, సప్పుడే లేదు.
ఎన్ని కోర్లో యాకూబ్ వేళ్లమీద లెక్కవెట్టి సూపెట్టిండు,
రెండు చేతులు సాల్లేదు.
కాని కాంట నుంచి వచ్చే వైరుకు తొమ్మిది సూదులు,
దీనికి ఆ తొమ్మిది బొక్కలే లేవు.
ఎనుకకు తిప్పి, పక్కకు తిప్పి, టార్చి కొట్టి సూసినం.
తాళంచెవి పట్టుకొని
తలుపే లేని గోడ ముందట నిలవడ్డట్టయింది.

హన్మకొండ చౌరస్తాకు పోయి
మూడువందల అరవై రూపాయల అతుకు తెచ్చిండు.
అతుక్కు డ్రైవర్ కావాల్నట.
బయట లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నరు,
అందుల ఒక్కడూ పనికిరాడు.

ఆ డ్రైవర్ దొరికేసరికి సాఫ్ట్‌వేర్ మొండికేసింది.
దాన్ని రాసింది జమ్మికుంట సదానందం సారు.
ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నడు.
ఫోన్ చేస్తే, "అమ్మా, ఆ భాష నేనే మర్సిపోయిన" అన్నడు.

తెరమీద ఒకటే మాట,
సున్నాతోని భాగిస్తున్నవు అని.
చాయ్ సల్లారేదాంక యాకూబ్ దాన్నే సూసి
ఆఖరికి నవ్విండు.
"అక్కా, ఈ పాత ప్రోగ్రాం
మొదాలు మిషిన్ ఎంత ఉరుకుతదో కొలుసుకుంటది.
ఇన్ని వేలదాంక లెక్కవెట్టు అంటది,
పట్టిన సేపుతోని భాగిస్తది.
ఇదేమో అననీకి ముందే అయిపోగొట్టింది.
పట్టిన సేపు సున్నా."

నాకు నవ్వు రాలే.
సేపే పట్టని పనిని
ఇంత ముసలి లెక్క ఎట్ల నమ్ముతది?

గోడమీద ఎర్ర అంకెలు ఎలుగుతనే ఉన్నయ్.
ఖాళీ బండి తీసేస్తే
హచ్యా మిర్చి పద్నాలుగు క్వింటాళ్ల ఇరవై కిలోలు.
నేను సూసిన. హచ్యా సూసిండు.
అడ్తిదారు గుమాస్తా సుత అద్దాలు తుడుసుకొని సూసిండు.
పెన్నుతోని రాసిస్త అన్న.
అచ్చు కాయితం లేంది రూపాయి ఇప్పనన్నడు.
ఒకప్పుడు ఇదే గేటు కాడ
నా చేతిరాతకు సంచులు కదిలేటివి.
ప్రింటర్ దాన్ని ఎన్నడు మింగిందో
నేను గమనియ్యనే లేదు.

ఎండల మిర్చి ఊకుంటదా, తేమ ఇడుస్తది.
పొద్దు గూకినంక బండిని మల్ల కాంట ఎక్కిస్తే
ఆరు కిలోలు తక్కువ.
ఎవ్వలు దొంగతనం చెయ్యలే.
ఎవరి ఖాతాల రాయాలె మరి,
ఉరుకుడు తప్ప ఆగుడు నేర్పనోళ్ల ఖాతాలనా?

యాకూబ్ కొత్తదాని కడుపుల
ఒక పాత మిషిన్‌ను ఉత్తుత్తగ నిలవెట్టిండు.
దాని కాళ్లకు బందమేసి
మెల్లగ నడువుమన్నడు.
ఎనిమిదిన్నరకు ప్రింటర్ కిర్రుమన్నది.
పద్నాలుగు క్వింటాళ్ల పద్నాలుగు కిలోలు.

ఆ అంకె కింద పెన్నుతోని రాసిన:
పొద్దుగాల ఇరవై.
సంతకం పెట్టిన. తారీఖు ఏసిన.
గుమాస్తా అచ్చయిన కాడికే సదివి మడతవెట్టిండు.
హచ్యా ఏమనలే,
ఆ మడత దిక్కు శానసేపు సూసిండు.

పాత ఫ్యాను ఇంక కిటికిలనే ఉన్నది.
పారెయ్యబుద్ధి కాదు.
గాలి జోరుగొస్తే ఒక రెక్క కదులుతది,
గుమాస్తా తుమ్ముతడు.