తరుగు

పొట్నూరు కూర్మయ్య కొట్లో తాకట్టు చీటీలు రాసేవాణ్ణి.
పురికొస ముక్క, అట్టముక్క, ఎర్రసిరా:
సవర ఐతి. వెండి కంటె ఒకటి. ఇరవై రెండు తులాలు.
నూట నలభై రూపాయలు. నూటికి మూడు.

ఆవిడకి నా అక్షరం అక్కర్లేదు.
కంటె కొక్కేనికి ఓ నీలి గాజుపూస కట్టుకుంది,
మెళియాపుట్టి సంతలో అయిదు పైసల పూస,
పాలపిట్ట రెక్క విప్పినప్పటి నీలం.
ఇనప్పెట్టెలో పదకొండు కంటెలుండేవి.
చీకట్లో చెయ్యి పెట్టినా
పూసని తడుముకుని తనది తాను తీసేది.

కూర్మయ్య గురిగింజ ఎత్తు వదిలే మనిషి కాదు.
అయినా కందికొత్తల ముందు శనివారం
తలుపు ఓరగా తీసి, కొండ దిగినవాళ్ళకి
ఎవరి వెండి వాళ్ళ చేతిలో పెట్టేవాడు.
కాయితం లేదు, వేలిముద్ర లేదు.
"పై సంతకి తెచ్చీండి." అంతే.
తేకపోతే? అనడిగాను కొత్తలో.
"వస్తువు ఆళ్ళదిరా. పెట్టొకటే మనది."

తెచ్చేవాళ్ళు.
ఏడాదంతా పెట్టెలో నల్లబడ్డ వెండి
మూడు రాత్రుల ఆటకి తెల్లగా తిరిగొచ్చేది,
చెమటకో, చింతపండుకో, బూడిదకో.
తూస్తే ప్రతిసారీ ఓ వీసమెత్తు తక్కువ.
"తరుగు" అని రాసేవాణ్ణి.
ఆ గడి వైపు కూర్మయ్య ఎప్పుడూ చూళ్ళేదు.

ఒక ఏడు ఐతి రాలేదు.
పది కంటెలు వెళ్ళాయి, ఒకటి మిగిలింది.
దాన్ని తువ్వాల్లో చుట్టి
మహేంద్రతనయ దాటి కొండెక్కాను.
ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
చచ్చిపోయుంటుందనుకున్నాను. దారి పొడుగునా
చీటీ మీద ఏం రాయాలా అని ఆలోచిస్తూ నడిచాను.

గుమ్మంలో కూర్చుని కొండచీపుళ్ళు కడుతోంది.
"కంది పండనేదు బాబూ. పండగెవులికి?"
అని, చేతులు చీరకి తుడుచుకుని
నా తువ్వాలు వైపు చూసింది.

మెడకేసుకుంది.
డప్పు లేదు, ఎవరూ ఆడలేదు.
ఆనపబుర్రతో నాకు జీలుగుకల్లు పోసింది.
కంటెతోనే చీపుళ్ళు కట్టింది, కోళ్ళని అదిలించింది,
మనవడి ముక్కు తుడిచింది.
పొద్దు వాలాక తీసి, పూస ముడి ఓసారి బిగించి
తువ్వాల్లో తనే చుట్టింది.
"అప్పు తీరనేదు గదా. అట్టుకెల్లు."

ఆ రాత్రి దీపం దగ్గర తూచాను.
ముల్లు కదిలిందో లేదో తెలీలేదు.
గడి ఖాళీగా వదిలేశాను.

కూర్మయ్య పోయాక కొడుకు తాళం మార్చాడు.
విశాఖపట్నం నుంచి ఒకాయన కెమెరాతో వచ్చి
పాతవేనా అన్నాడు. ఈ నీలం, రాయేనా అన్నాడు.
గాజు, అన్నాను.
దీనికేమైనా చరిత్ర ఉందా?
వడ్డీ ఉంది, అన్నాను.
పదకొండూ కిలోల లెక్కన తీసుకున్నాడు.
పూస తూకంలోకి రాదని
కొడుకు కత్తెరతో దారం తెంపాడు.
అది బల్ల మీద దొర్లి నా వైపు వచ్చింది.

తర్వాత మూడో శనివారం ఐతి వచ్చింది.
కొంగుముడి విప్పింది: అసలు, వడ్డీ,
చీపుళ్ళ వాసన కొడుతున్న నోట్లు.
కొట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.
పూస నా చొక్కా జేబులో ఉంది.
నేను నోరు తెరిచేలోపే
అలవాటుగా పెట్టెలో చెయ్యి పెట్టింది.

చాలాసేపు తియ్యలేదు.