ఏడున్నర వాతావరణం

మూడు వేల నాలుగువందల తొంభై క్రోనర్లు.
చేపల ఫ్యాక్టరీలో ఎన్ని రాత్రుల ఓవర్‌టైమో,
ఎన్ని కాడ్ చేపల వెన్నుముళ్లు తీశానో,
ఆ లెక్క దుకాణం తలుపు దగ్గరే మానేశాను.

పసిబిడ్డను పొత్తిళ్లలోంచి తీసినట్టు
ట్రూల్స్ డబ్బాని థర్మోకోల్‌లోంచి తీశాడు.
"హార్డ్ డిస్కు లోపలే ఉంది. వేరే పెట్టె అక్కర్లేదు.
రెండు ట్యూనర్లు. ఒకటి చూస్తూ ఇంకోటి దాచుకోవచ్చు.
నడుస్తున్న బొమ్మని ఆపి, కాఫీ పెట్టుకొచ్చి
ఆపిన చోటి నుంచే అందుకోవచ్చు."
ఆపిన చోటనే ఉంటుందా, అన్నాను.
ఉంటుంది, అన్నాడు, నాకు చెముడేమో అన్నట్టు చూసి.

తోపుడు మంచుబండి మీద తాడేసి కట్టి ఇంటికి తెచ్చాను.
కూడా వచ్చిన పుస్తకం నాలుగు భాషల్లో ఉంది, మా భాష తప్ప.
రెండో ట్యూనరుకి రెండో తీగ కావాలట.
కిటికీ చట్రానికి నేనే కన్నం పెట్టాను.
ఊడ్‌వార్ ఉంటే వద్దనేవాడు.

మా ఊళ్లో డిష్ తలెత్తదు.
ఇంత ఉత్తరాన ఉపగ్రహాలు నేలని పట్టుకు వేలాడతాయి.
అందుకని అది ఎలిసెఫ్ పడవల కొట్టం చూరు మీదుగా
చూస్తూ ఉంటుంది ఏడాది పొడుగునా,
అప్పు తీర్చనివాడి గుమ్మం వంక చూసినట్టు.

ఊడ్‌వార్ పది రోజులు సముద్రం మీద.
అతని కోసం ఫుట్‌బాల్ పెట్టాను. స్కీ పోటీలు పెట్టాను.
నా కోసం డెన్మార్కు హత్య కథ, ఆరు భాగాలు.
రిమోట్ కొత్త కదా, ఏది నొక్కానో ఏమో
ఏడున్నరకొచ్చే వాతావరణం కూడా
రోజూ తనంతట తనే ఎక్కింది.
పది సాయంత్రాలు, పది పటాలు,
బూడిదరంగు కోటులో అదే అమ్మాయి.

వచ్చాడు. డీజిల్ వాసన, చేపల పులుసు, కుర్చీ.
జాబితా కిందికి జరుపుతూ పోయాడు.
ఫుట్‌బాల్ దాటాడు.
మొదటి వాతావరణం దగ్గర ఆగాడు.

"రేపు గాలి వాయవ్యం నుంచి" అంది ఆ అమ్మాయి.
ఆ రేపు గడిచి తొమ్మిది రోజులు.
"నిజమే" అన్నాడు.
రెండోదీ నిజమే. మూడోది, ఊఁ.
"మంగళవారం అలలు ఆరు మీటర్లు."
"అబద్ధం. తొమ్మిది."
బొమ్మ ఆపాడు.
పటం మీద ఊదారంగు మరక అలాగే నిలిచిపోయింది.
లేచి వెళ్లి, అద్దానికి తగలకుండా, వేలు పెట్టాడు.
"ఇక్కడున్నాం. వించి తాడు తెగింది.
కొత్త కుర్రాడు సిమెన్ ఇంజను గదిలో
వాళ్లమ్మని పిలిచాడు, పేరు పెట్టి.
ఎవరం విననట్టే ఉన్నాం."

ఇరవై రెండేళ్ల కాపురం.
ఎలా ఉందంటే బాగానే ఉంది, అనే మనిషి.
నేను అడిగే తీరే బాగోలేదనుకున్నాను ఇన్నాళ్లూ.
ముక్కూ మొహం తెలియని పిల్ల
గడిచిపోయిన దాన్ని రేపు అంటే
దిద్దడానికి నోరు పెగిలింది.

మళ్లీ కూర్చున్నాడు. బుధవారం. గురువారం.
శుక్రవారం గాలి తగ్గుతుందని ఆమె చెబుతుండగానే
రిమోట్ చేతిలో ఉండగానే నిద్రపోయాడు.

డిస్కు ఎనభైనాలుగు శాతం నిండింది,
పాతవి చెరిపేయనా, అని అడిగింది డబ్బా.
ఫుట్‌బాల్ చెరిపాను. స్కీలు చెరిపాను.
ఆ డెన్మార్కు ఆవిణ్ణి ఎవరు చంపారో నాకిక తెలీదు.
మంగళవారానికి తాళం గుర్తు పెట్టాను.

ఏడూ ఇరవై. తెర గళ్లు గళ్లుగా విడిపోయి
సిగ్నల్ లేదంది.
అతని కోటే తగిలించుకుని చీపురు పట్టుకు బయటికెళ్లాను.
డిష్ మొహం నిండా మంచు.
కళ్లు తుడిచినట్టు కాదు, ఊరికే,
గుమ్మం ఊడ్చినట్టు ఊడ్చాను.
కిటికీలోంచి చూస్తే బొమ్మ తిరిగొచ్చింది, ఏదో ప్రకటన.
మంచు పడుతూనే ఉంది.
ఇంకా ఏడు నిమిషాలుంది.
అక్కడే నిలబడ్డాను చీపురుతో.